ఏ రికార్డు వింటున్నారు?

సంగీతప్రియులు కలిసికొన్నప్పుడు కుశలప్రశ్నల వెంటనే వచ్చే ప్రశ్న ఒక్కటే: “ఈ మధ్య ఏ రికార్డు వింటున్నారు?” మా మిత్రబృందంలో దీనికి ఉర్దూలోనూ, తెలుగులోనూ సమాధానాలు వస్తాయి. ఒకరు 1968లో హైదరాబాదులో కన్నుమూసిన ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ ఠుమ్రీని స్మరిస్తారు. మరొకరు ఒంగోలు చెంత కరవదిలో జన్మించి, శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చిన మౌలానా నాదస్వరాన్ని ప్రస్తుతిస్తారు.

నేను వినిపించేది ఉస్తాద్ అబ్దుల్ కరీం ఖాన్ రికార్డు. కిరానా ఘరానాకు చెందిన ఆ హిందుస్తానీ గాయకుడు (1872–1937) త్యాగరాజస్వామి ఖరహరప్రియ కృతి ‘రామ నీ సమానమెవరు’ పాడి రికార్డు ఇచ్చాడు. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆనాటి లక్క రికార్డుపై ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాల గానమే. మతమూ, మాతృభాషా, సంప్రదాయమూ వేరైన ఒక విద్వాంసుడు మన తెలుగు కృతిని ఎంత ఆదరంతో స్వీకరించాడో గ్రహించడానికి ఆ కొద్ది వ్యవధి చాలును.

లక్క రికార్డు పగిలితే అతకదు. విన్నవారు చెప్పకుంటే దాని ఊసే మాసిపోతుంది. కనుక విద్యార్థి మిత్రులారా, మీ ఇండ్లలోని పెద్దలను అడగండి, వారు ఏమి విన్నారో. మీరు విన్నది తోటివారికి వినిపించండి. పంచుకొన్నకొద్దీ పెరిగే ఆస్తి ఇది.