ట్యూబు మారింది, ఏసీ మారలేదు

మా క్యాంపులో పాత ట్యూబులన్నీ తీసేసి ఎల్ఈడీ ట్యూబులు బిగించారు. చోకు గుయ్యిమనే చప్పుడు లేదు, మంచమెక్కి స్టార్టరు తిప్పే పని లేదు. స్విచ్ వేస్తే టక్కున వెలుగు. రువి బజారులో షాపులు ఎప్పుడో మారిపోయాయి, క్యాంపుల దాకా రావడానికే ఇంత కాలం పట్టింది.

మాలో సగం మంది ఎలక్ట్రికల్ పనివాళ్లమే కాబట్టి కూర్చుని లెక్క వేశాం. పాత నాలుగడుగుల ట్యూబు 36 వాట్లు, చోకు తినేది ఇంకో 10 దాకా. కొత్తది 18. మా రూంలో డే డ్యూటీ, నైట్ డ్యూటీ కలిసే ఉంటాం గనుక లైటు రోజుకు 20 గంటలు వెలుగుతుంది. రెండు ట్యూబులకు 1.8 యూనిట్లు అయ్యేది 0.7కు దిగింది. సంతోషమే.

కానీ ఒకటిన్నర టన్ను పాత విండో ఏసీ, కంప్రెసర్ ఆడితే ఆ 1.8 యూనిట్లు సుమారు ఒక్క గంటలోనే లాగేస్తుంది! దాన్ని మాత్రం మార్చలేదు. పైగా కరెంటు పొదుపు చేయాలంటూ పగలు ఏసీ ఆపమని నోటీసు అంటించారు. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఎండలో పని చేయించకూడదని ఒమన్‌లో రూలుంది. మరి రాత్రంతా పనిచేసి వచ్చి అదే వేళకు రేకుల గదిలో పడుకున్నవాడికి ఆ ఎండ తగలదా?

"లైటు బంద్ చేసినా పంటం గానీ, ఏసీ బంద్ చేస్తే ఎట్లనే?" అన్నాడు జగిత్యాల తమ్ముడు, క్యాంప్ బాస్ ముందే. ఆయనకు తెలుగు రాదు, అయినా అర్థమైంది. మా లెక్కంతా కాగితం మీద రాసి, అందరం సంతకాలు పెట్టి ఇచ్చాం. నోటీసు ఇంకా గోడ మీదే ఉంది. నైట్ డ్యూటీ వాళ్ల ఏసీ జోలికి మాత్రం ఇప్పుడెవరూ రావడం లేదు.

ఊళ్లలో మనకంటే ముందే మారారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను కరెంటు స్తంభాలను పడగొట్టి పోయాక విశాఖ వీధుల్లో 90,000కు పైగా ఎల్ఈడీ లైట్లు పెట్టారు. ఆంధ్రాలో పాత బల్బులు తీసుకుని, ఒక్కోటి 10 రూపాయలకు ఇంటికి రెండేసి 7 వాట్ల బల్బులు ఇచ్చారు. 60 వాట్ల బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు, ఇది ఒక్క యూనిట్. ఒకప్పుడు సెలవుకు పోతూ ఇక్కడి నుంచి టార్చిలైట్లు, ఎమర్జెన్సీ లైట్లు మోసుకెళ్లేవాళ్లం. ఇప్పుడు తీసుకెళితే ఇంటివాళ్లు నవ్వుతున్నారు.

లైటింగ్ మెయింటెనెన్స్‌లో ఉన్న మావాళ్లకు వేరే దిగులుంది. సోడియం బల్బులు మార్చడమే ఏడాది పొడుగునా పనిగా ఉండేది. ఎల్ఈడీ పెట్టె మీద 50,000 గంటలని రాసి ఉంటుంది. రాత్రికి 12 గంటల చొప్పున 11 ఏళ్లు. మన అగ్రిమెంటేమో రెండేళ్లు! అయితే ఇక్కడి వేడికి ముందు పోయేది ఎల్ఈడీ కాదు, దాని డ్రైవరు. వేడి 10 డిగ్రీలు పెరిగితే అందులోని కెపాసిటర్ ఆయుష్షు సగమవుతుందని పనివాళ్ల లెక్క. మీటరు పెట్టి డ్రైవరు పరీక్షించి మార్చడం వచ్చినవాడిని ఇంకా పిలుస్తూనే ఉన్నారు. మా రూంలో ఇద్దరు శుక్రవారాల్లో అదే నేర్చుకుంటున్నారు.

రూముల్లో సొంతంగా ట్యూబు మార్చే అన్నలకు ఒక మాట. కొన్ని ఎల్ఈడీ ట్యూబులకు కరెంటు ఒకే కొసన వస్తుంది, కొన్నింటికి రెండు కొసలా. రెండో రకంలో ఒక కొస పెట్టగానే ఇంకో కొస పిన్నుకు కరెంటు రావచ్చు, చేతికి కొడుతుంది. స్విచ్ కాదు, బ్రేకరే దించండి. తీసిన పాత ట్యూబులో పాదరసం ఉంటుంది. పగలగొట్టి చెత్తడబ్బాలో పడేయక క్యాంప్ ఆఫీసులో అప్పజెప్పండి.