శివారు వంతెనలు

విన్సెంట్ వాన్ గో అనే డచ్చి చిత్రకారుడు 1887లో, పారిస్ శివార్లలోని ఆనియేర్ వద్ద సీన్ నదిమీది వంతెనలను చిత్రించాడు. ఆ చిత్రం ఇప్పుడు స్విట్జర్లాండులోని జ్యూరిచ్ నగరంలో ఉన్నది. మేము చూచినది అచ్చుబొమ్మనే.

చెప్పుకోదగిన ఘనకార్యమేదీ అందులో లేదు. వంతెనమీద రైలుబండి పోతున్నది. క్రింద స్తంభాలు, నీటిలో పడవలు. ఒడ్డున ఎర్రగొడుగు పట్టుకొన్న ఒక స్త్రీ. పారిస్‌లో చూడదగిన భవనాలకు కొదవా? అయినా ఆయన శివారు నదినే ఎంచుకొన్నాడు. 1885లో హాలండులో, దీపం వెలుగున బంగాళాదుంపలు తినే పేద కుటుంబాన్ని మసకరంగులలో వేసినది ఈయనే. పారిస్ వచ్చి, సిన్యాక్ మొదలైన వారి పరిచయం కలిగిన తరువాత ఆ రంగులు తేటపడినవి. దినమూ బండ్లు పోయే వంతెన కూడ చూడదగినదేనని ఈ చిత్రం చెప్పుతున్నది.

మన బరంపురంలో తాపీ ధర్మారావుగారు జన్మించినదీ ఆ 1887లోనే. అప్పటికి ఋషికుల్యమీద రైలు నడవలేదు. తూర్పుతీరపు రైలుమార్గం 1890 తరువాతి మాట. 1936 ఏప్రిల్ 1న గంజాం ఒరిస్సాలో చేరినది. చుట్టాలు కొందరు శ్రీకాకుళం వైపు, మనము ఈ వైపు అయినాము. సరిహద్దు జరిగినది గాని ఏరు జరుగలేదు.

భువనేశ్వరం పోయే బండిలో ఛత్రపురం దాటిన తరువాత ఋషికుల్య వస్తుంది. దారింగిబాడి కొండలలో పుట్టిన ఏరు అక్కడికి సముద్రాన్ని సమీపిస్తుంది. ఆ సంగమం దగ్గర ఇసుకలోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వేలకొలది గుడ్లు పెట్టుతాయి. ఆ తీరం వెంబడి తెలుగు మాట్లాడే బెస్తవారి పల్లెలున్నవి. అవతల హుమ్మా ఉప్పుమళ్ళు. మనలో ఎంతమంది ఆ కాసేపు సెల్‌ఫోను మీదినుంచి తల ఎత్తుతున్నాము?

మా ఇంటి పిల్లకు బడిలో నది బొమ్మ వేయమన్నారు. రెండు కొండలు, నడుమ సూర్యుడు, ఒక కొబ్బరిచెట్టు వేసినది. “ఇది ఏ నదే అమ్మా?” అని అడిగితే, “ఏదీ కాదు మావయ్యా, వట్టి నది!” అన్నది.

మాకు ఆ మాట గుచ్చుకొన్నది. పిల్లల చదువు ఒడియాలో, ఇంగ్లీషులో సాగుతున్నది. తప్పూ కాదు, తప్పేదీ కాదు. తెలుగు ఇంటిలో మాటవరకే మిగిలినది. భాష సగం జారిపోయి, ఊరి ఏరు కూడ ‘వట్టి నది’ అయిపోతే, తరతరాలుగా ఇక్కడ ఉన్న మనకు ఈ నేల గుర్తు ఏమి మిగులుతుంది?

కనుక సోదర కుటుంబాలకు మా మనవి: వచ్చే సెలవులలో ఒక పూట పిల్లలను గంజాం తీసుకొనిపోండి. వంతెన కనబడేచోట, నీడపట్టున కూర్చోబెట్టి కాగితమూ రంగులూ ఇవ్వండి. బండి పోయేదాకా ఆగమనండి. బొమ్మ ఎట్లా వచ్చినా సరే. క్రింద మాత్రం ‘ఋషికుల్య’ అని తెలుగులో వారిచేతనే వ్రాయించండి.