వెనక్కి చూశాకే విసురు

గోదావరి కాలువల పక్కన పెరిగినవాణ్ణి. వానపామును గుచ్చి, బెండు మునిగేదాకా గట్టున కూర్చోవడమే నాకు తెలిసిన గాలం. మొన్న వేసవిలో అమ్మాయి దగ్గరికి ఇంగ్లండ్ వెళ్లినప్పుడు, డివైజెస్ ఊరి పక్కన కెనెట్ అండ్ ఏవన్ కాలువ గట్టు మీద ఒక పెద్దాయన దగ్గర ఫ్లై ఫిషింగ్‌లో ఓనమాలు దిద్దాను.

1810లో పూర్తయిన కాలువ అది. ఆ గట్టు వేసింది పడవల్ని లాగే గుర్రాల కోసం. పాత వంతెన కింద రాతి అంచుకి తాళ్లు ఒరిసి ఒరిసి గాడులు పడ్డాయి. వేలు పెట్టి చూస్తే సగం దిగింది. ఇప్పుడు ఆ బాటలో సైకిళ్లు, కుక్కలు, పసిపిల్లల బళ్లు.

కొక్కేనికి ఈకలు, దారం చుట్టిన ఎర, అంటే ఫ్లై, ఊదితే ఎగిరిపోయేంత తేలిక. దాన్ని దూరం మోసేది లైన్ బరువే. మామూలు పద్ధతిలో లైన్‌ను మొదట వెనక్కి విసరాలి, అది పూర్తిగా సాగేదాకా ఆగి అప్పుడు ముందుకు కొట్టాలి. ప్రమాదమంతా ఆ వెనక్కి విసరడంలోనే ఉంది. గురువుగారు నా టోపీ, కళ్లద్దాలు సరిచూసి, కొక్కెం తీసేసి ఎర్ర ఉన్ని ముక్క కట్టారు. "వెనక్కి చూడండి. ఆ తర్వాతే చెయ్యి కదలాలి" అన్నారు.

ఇరుకు గట్టుకి తగినది రోల్ కాస్ట్. లైన్‌ను నీటి మీద నుంచి లేపకుండా, రాడ్‌ను మెల్లగా చెవి పక్కకి తెచ్చి ఆపాలి. భుజం వెనక లైన్ కాస్త వంపు తిరిగి వేలాడుతుంది. అప్పుడు ముందుకి ఒక్క విసురు! నీటి పట్టు ఆధారంగా లైన్ చుట్టలా దొర్లుతూ వెళ్లి పరుచుకుంటుంది. నాకు కుదిరింది పదిహేనోసారికి. ఆ ఆనందం చెప్పలేను.

ఒకసారి కుడివైపు నుంచి గాలి కొట్టి ఉన్ని ముక్క నా చెవికి తగిలింది. అదే కొక్కెమైతే? కుడిచేతివాటం వాళ్లకి కుడిగాలి చేటు. అలాంటప్పుడు రాడ్ కొసను ఎడమ భుజం మీదికి వాల్చి విసరాలని చూపించారు. సైకిల్ గంట వినిపించిన ప్రతిసారీ లైన్ నీళ్లలో వదిలి, రాడ్ దించి ఆగాం. గట్టు మీద దారి నడిచేవాళ్లదే. ఈ ఒక్క మర్యాద కోసమైనా ఆ విద్య నేర్చుకోవచ్చు.

అక్కడున్న మనవాళ్లకు ఒక మాట. 13 నిండిన వాళ్లందరికీ రాడ్ లైసెన్సు ఉండాలి. కార్బన్ రాడ్‌లో కరెంటు పారుతుంది కనుక విద్యుత్ తీగలకు 30 మీటర్ల లోపు గాలం వేయకండి. పిల్లల చేతికి మొదటి రోజు కొక్కెం ఇవ్వకండి, ఉన్ని ముక్కే కట్టండి.