దుపట్టా చాటున దాగిన నవ్వు

మా అమ్మాయి నవ్వేటప్పుడు దుపట్టా అంచును నోటికి అడ్డు పెట్టుకోవడం ఆమెకు 12 ఏళ్ళు దాటిన తరువాత మొదలయింది. మేము దానిని సిగ్గు అనుకున్నాము. హయా ఈమానులో ఒక శాఖ అని పెద్దల నోట విన్నవారం గనుక లోలోపల సంతోషించాము కూడా. ఇంటికి వచ్చిన చుట్టాల ఎదుట, బిడ్డ అణకువ చూడండని ఒకటి రెండుసార్లు మెచ్చుకున్నాము.

ఒకనాడు ఫజ్ర్ వేళ ఆమె వుజూ చేసుకుంటున్నది. పుక్కిలించి ఉమ్మిన నీటిలో సన్నని నెత్తుటి చార కనిపించింది. ఏమిటని అడిగితే మొదట చెప్పలేదు. తరువాత కన్నీళ్ళు ఆపుకుంటూ, "అమ్మీ, నాతోటి వాళ్ళందరికీ పళ్ళన్నీ వచ్చేశాయి. నాకు పక్క పళ్ళు రానేలేదు. వచ్చినవాటి మీద మచ్చలున్నాయి. నవ్వితే అందరూ వాటినే చూస్తారు" అన్నది. మేము ఇన్నాళ్ళూ మెచ్చుకున్నది సిగ్గును కాదు, ఆ పసిదాని బాధను అని ఆ తెల్లవారుజామున తెలిసింది.

మాది వనపర్తి జిల్లా శ్రీరంగాపూర్. రంగసముద్రం చెరువు కింద కొద్దిపాటి పొలం మా జీవనాధారం. మా అమ్మాయికి మూడున్నరేళ్ళ వయసులో విడవని జ్వరం వచ్చింది. ఒంటి మీద నీలి మచ్చలు లేచాయి. పెబ్బేరు దగ్గర పెద్ద రోడ్డెక్కి హైదరాబాదు చేరేసరికి అది రక్త క్యాన్సర్ అని తేలింది. వైద్యం రెండేళ్ళకు పైగా సాగింది. అల్లాహ్ దయ వలన, వైద్యుల శ్రమ వలన బిడ్డ కోలుకున్నది. ఆమెకు ఆరేళ్ళు నిండేనాటికి ఆ పీడకల ముగిసిందని నమ్మాము. ఆసుపత్రి కాగితాలను ఒక ఇనుప పెట్టెలో అడుగున పెట్టి తాళం వేశాము.

ఆ తాళం వేయడం వెనుక మరొక కారణమూ ఉన్నది. "ఆడపిల్ల. రేపు సంబంధాలు చూడాలి. ఈ జబ్బు మాట ఎవరి దగ్గరా ఎత్తకండి" అని బంధువులలో పెద్దవారు హెచ్చరించారు. మేము తల ఊపాము.

పళ్ళ మీది మచ్చలు చూసిన ఇరుగుపొరుగు వారు, "బోరునీళ్ళు తాగిన పళ్ళు ఇట్లాగే ఉంటాయి" అన్నారు. ఫ్లోరైడు నీటి బాధ ఎరిగిన పాలమూరు సీమలో అది నమ్మదగిన మాటే. కాని అదే బావి నీరు తాగిన మా పెద్దవాడి పళ్ళకు ఏమీ కాలేదు. ఆ సంగతి మాకు అప్పుడు తట్టలేదు.

ఆ ఫజ్ర్ తరువాత వారంలోనే బిడ్డను దంతవైద్యురాలి వద్దకు తీసుకువెళ్ళాము. ఆమె నోరు పరీక్షించి, "చిన్నతనంలో ఏదైనా పెద్ద జబ్బు చేసిందా అమ్మా?" అని అడిగారు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. "లేదమ్మా" అన్నాము. బిడ్డ మా వైపు చూసి తల వంచుకున్నది.

దవడ మొత్తం ఒకే చిత్రంలో కనిపించే ఎక్స్‌రే తీయించారు. ఆ చిత్రం మా అబద్ధాన్ని బయటపెట్టింది. రెండు పక్కలా పాలపళ్ళ కింద ఉండవలసిన శాశ్వత దంతాలు అసలు ఏర్పడలేదు. ఒక పన్ను మొలక కందిగింజంత ఉన్నది. పెద్ద దంతాల వేర్లు పొట్టిగా, మొన తేలి ఉన్నాయి. వైద్యురాలు ఆ చిత్రాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, మళ్ళీ అదే ప్రశ్న నెమ్మదిగా అడిగారు. ఇక దాచలేకపోయాము. అంతా చెప్పాము.

ఆమె కోపగించుకోలేదు. "మీరు చెప్పకపోతే నేను ఈ పాలపళ్ళను పీకించి, వరుస సరిచేయడానికి తీగ కట్టించేదాన్నేమో. ఇంత పొట్టి వేర్లున్న పళ్ళు గట్టి ఒత్తిడికి తట్టుకోలేవు. కింద కొత్త పన్ను లేనప్పుడు పాలపన్నే బిడ్డకు ఆస్తి" అన్నారు. ఎవరి మేలు కోరి దాచామో ఆమెకే కీడు చేయబోయామని మాకు అర్థమయింది.

అప్పుడు ఆమె చెప్పినది రైతు కుటుంబానికి అర్థమయ్యే మాటలలోనే చెప్పారు. శాశ్వత దంతాలు ఆరేళ్ళకో పన్నెండేళ్ళకో బయటకు వచ్చినా, వాటి తయారీ పుట్టిన నాటి నుంచే చిగుళ్ళ కింద సాగుతుంది. అది ఒక నారుమడి. క్యాన్సర్ మందులు వేగంగా పెరిగే కణాలను చంపుతాయి. కలుపునూ నారునూ వేరు చేసి చూడలేని మందు మడిలో పడితే ఏమవుతుందో ఇక్కడా అదే జరుగుతుంది. వైద్యం నాటికి వయసు ఎంత తక్కువైతే, ముఖ్యంగా అయిదారేళ్ళ లోపు అయితే, నష్టం అంత ఎక్కువ. కొన్ని పళ్ళు రావు, కొన్ని చిన్నవిగా వస్తాయి, కొన్నింటి పింగాణీ పొర పలుచబడుతుంది, వేర్లు కురచవుతాయి. తలకు, మెడకు రేడియేషన్ ఇచ్చినవారిలో లాలాజల గ్రంథులు దెబ్బతిని నోరెండి, పళ్ళు త్వరగా పుచ్చుతాయి.

ఆ మందులలో ఒకటైన విన్‌క్రిస్టిన్‌ను బిళ్ళగన్నేరు మొక్క నుంచి తీస్తారని విని ఆశ్చర్యపోయాము. మన వాకిళ్ళలో, ఖబరస్తాన్ గోడల వెంట ఎవరూ నాటకుండానే పూసే మొక్క అది. ఆ ఆకు నేరుగా తింటే విషమే. శుద్ధిచేసి, తూచి ఇస్తే 1960ల నుంచి ఎందరో పసివారి ప్రాణాలు నిలుపుతున్న మందు. మా బిడ్డ ఊపిరిని నిలిపినదీ, ఆమె పంటి మొలకలను కుదించిన మందులలో ఒకటీ అదే. దానిని నిందించే హక్కు మాకు లేదు. ఆ వెల చెల్లించకుంటే నేడు నవ్వడానికి బిడ్డే ఉండేది కాదు. కాని ఆ వెల గురించి ముందే తెలుసుకుని ఉంటే నష్టం కొంత తగ్గించుకునేవాళ్ళం.

ఏ విధంగా అని పాఠకులు అడగవచ్చు. వైద్యం జరుగుతున్న రోజులలో నోరంతా పుండ్లు పడి బిడ్డ అన్నం ముట్టేది కాదు. జాలిపడి వచ్చినవారందరూ బిస్కెట్లు, మిఠాయిలు తెచ్చారు. మేమూ పెట్టాము. పళ్ళు తోమితే ఏడుస్తుందని నెలల తరబడి తోమడమే మానివేశాము. నిజానికి అప్పుడే మెత్తని బ్రష్షుతో శుభ్రపరచాలి, ఉప్పునీటితో పుక్కిలింపించాలి. ఆ రోజులలో దాదీ ప్రేమతో మిస్వాక్ తెచ్చి ఇచ్చారు. రక్తంలో ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నందున పుల్లతో తోమవద్దని వైద్యులన్నారు. పెద్దావిడ నొచ్చుకున్నారు. మిస్వాక్ పట్ల దైవప్రవక్త (స) కు ఎంత మక్కువ ఉండేదో మనకు తెలుసు. అయినా సమాజానికి కష్టమవుతుందనే తలంపుతోనే ఆయన ప్రతి నమాజుకూ దానిని తప్పనిసరి చేయలేదు కదా! ఆ సున్నత్‌లోని పరమార్థం నోటి శుభ్రత. రోగి చేతిలో మెత్తని బ్రష్షు కూడా ఆ పరమార్థాన్ని నెరవేరుస్తుంది.

ఇటువంటి పరీక్షలో ఉన్న తల్లిదండ్రులకు మా విన్నపం ఇది. వీలైతే క్యాన్సర్ వైద్యానికి ముందే ఒకసారి దంతవైద్యునికి చూపండి. వైద్యం నడుస్తుండగా, రక్తకణాల లెక్క చూడనిదే పన్ను పీకించకండి. ముగిసిన తరువాత ఆరు నెలలకొకసారి చూపడం మానకండి. ఏయే మందులు, ఎంత మోతాదు, రేడియేషన్ ఇచ్చారా లేదా అన్న వివరాల కాగితాన్ని ప్రాణంలా దాచండి, కాని వైద్యుని ఎదుట దాచకండి. హైదరాబాదు రెడ్ హిల్స్‌లోని మెహదీ నవాజ్ జంగ్ ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికీ, అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలకూ మధ్య ఉన్నది కొద్ది కిలోమీటర్లే. పేదవారికి కూడా ఆ దారి తెరిచే ఉన్నది.

ఇప్పుడు మా అమ్మాయికి 14 ఏళ్ళు. పాలపళ్ళను కాపాడుకుంటున్నాము. పళ్ళకు ఫ్లోరైడు పూత వేయిస్తున్నాము. బోరునీటిలో అతిగా ఉండి పళ్ళను చెరిపేదే, తగు మోతాదులో పూస్తే పంటిని గట్టిపరుస్తుందట. దవడ ఎదుగుదల పూర్తయిన పిమ్మట లేని పళ్ళ స్థానంలో కృత్రిమ దంతాల సంగతి చూద్దామన్నారు.

ఇనుప పెట్టె తాళం తీశాము. కాగితాలను ఒక సంచిలో సర్ది ఆమె చేతికే ఇచ్చాము. "ఇది నీ కథ బేటా. సిగ్గుపడవలసినది నీవు కాదు, దాచిన మేము" అని చెప్పాము. రేపు సంబంధం వచ్చినా ఈ మాట ముందే చెబుతాము. విని వెనుదిరిగేవారు వెనుదిరగనీ. అబద్ధం మీద నిలిచే నికాహ్ మాకు వద్దు.

బయటకు వెళ్ళినప్పుడు ఇప్పటికీ ఆమె చేయి అప్పుడప్పుడు దుపట్టా అంచును వెతుక్కుంటుంది. ఇంట్లో మాత్రం వెతుక్కోవడం లేదు. మొన్న ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ వద్ద తమ్ముడు ఏదో తుంటరి మాట అంటే నోరారా నవ్వింది. ఖాళీలూ మచ్చలూ అన్నీ కనిపించాయి. మేము ఆ నవ్వును చూస్తూ ఖర్జూరం చేత పట్టుకుని తినడం మరిచిపోయాము. అల్‌హమ్దులిల్లాహ్.