సఫేద్ చావల్

తురకోళ్ళు ఏం తింటారు? ఈ ప్రశ్న ఎవరూ అడగరు. జవాబు అందరి దగ్గరా ముందే తయారుగా ఉంటుంది. బిర్యానీ తింటారు. హలీం తింటారు. పెద్దకూర తింటారు. పండక్కి సెలవడిగితే ఆఫీసులో మాకు దొరికే ముబారక్ ఒక్కటే: 'మరి మా బిర్యానీ ఏదీ?' మమ్మల్ని ఇష్టపడేవాళ్ళూ మా కంచం చూసే ఇష్టపడతారు. మమ్మల్ని అసహ్యించుకునేవాళ్ళూ మా కంచం చూసే అసహ్యించుకుంటారు. 2015లో ఉత్తరప్రదేశ్‌లోని దాద్రీ దగ్గర మహమ్మద్ అఖ్లాఖ్‌ని ఇంట్లోంచి లాగి చంపడానికి, ఆ ఇంట్లో ఏదో మాంసం ఉందన్న పుకారు చాలింది.

నాకు ఇద్దరు పిల్లలు. ఇద్దరూ బిర్యానీ తినరు. అసలు మాంసమే ముట్టరు. వాళ్ళనేం చేద్దాం? ఏ లెక్కలో రాద్దాం?

పెద్దోడికి పదకొండేళ్ళు. తెల్లగా ఉన్నవే తింటాడు. ఉత్త అన్నం. పక్కన వేరే గిన్నెలో పెరుగు. రెండూ కలపకూడదు. అన్నంలో ఒక్క జీలకర్ర గింజ కనబడినా ఆ పూటకి అంతే. చిన్నదానికి ఏడేళ్ళు. దానికి రంగుతో పని లేదు, చప్పుడుతో పని. కరకరలాడాలి. రస్కులు, మరమరాలు, వేయించిన అప్పడం. మెత్తటిది నాలుక మీద పడితే కడుపులో ఉన్నదంతా బయటికొస్తుంది. ఇద్దరికీ ఆటిజం. ఒకే కడుపున పుట్టినా ఒకరి తిండి ఇంకొకరికి పనికిరాదు.

ఇది గారాబం అనుకునేవాళ్ళే ఎక్కువ. రెండ్రోజులు కడుపు మాడిస్తే వాళ్ళే తింటారని సలహా ఇస్తారు. మామూలు పిల్లలకి ఆ సలహా పనిచేస్తుందేమో! ఆటిజం ఉన్న పిల్లలు చాలామంది విషయంలో రుచి, వాసన, మెత్తదనం, వెలుతురు, చప్పుడు మనకి అందినట్టు అందవు. కొన్ని పదింతలై మీద పడతాయి, కొన్ని అసలే తెలియవు. మనకి మసాలా ఘుమఘుమ అయినది వాడికి ముక్కులో దూరిన పొగ. నిన్న తిన్న అన్నం ఇవాళా అచ్చం అట్లాగే ఉంటే, ప్రపంచంలో ఆ ఒక్కటైనా మారలేదన్న ధైర్యం. ఆ ధైర్యాన్నే వాడు తింటాడు. తిండి దగ్గర ఇబ్బందులు ఇలాంటి పిల్లల్లో మిగతావాళ్ళ కంటే ఎన్నో రెట్లు ఎక్కువని డాక్టర్లు లెక్కలు తీసి చెప్పారు కూడా.

1943లో లియో కానర్ అనే డాక్టరు అమెరికాలో పదకొండు మంది పిల్లల గురించి రాసినప్పటి నుంచీ ఆటిజానికి ఆ పేరు నిలబడింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు పెద్దపెద్ద చదువులు చదివినవాళ్ళే తల్లుల మీద పడ్డారు. తల్లి మనసు చల్లబడి, ప్రేమ కరువై పిల్లలు ఇట్లా అవుతారన్నారు. ఆటిజం ఉన్న కొడుకు తండ్రి బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో పుస్తకం రాసి, ఇది తల్లి తప్పు కాదని, పుట్టుకతో శరీరంలోనే ఉన్నదని వాదించాడు. సైన్సు ఆ అబద్ధాన్ని ఎప్పుడో వదిలేసింది. దావత్‌లలో మాత్రం ఇంకా వదల్లేదు.

మా దావత్‌ల సంగతి చెప్పాలి. దస్తర్‌ఖాన్ పరిచి అందరూ కూర్చుంటారు. నా కొడుకు ముందు మాత్రం ఉత్త అన్నం. ఒక ఖాలా అంటుంది: 'అరే, గోష్ తినని ముసల్మాన్ బచ్చా ఎక్కడైనా ఉంటాడా?' ఇంకొకరు వాడి గిన్నెలో ప్రేమగా ఒక బోటీ వేస్తారు. అంతే, వాడు గిన్నె తోసేసి చెవులు మూసుకుంటాడు. తర్వాత అందరి కళ్ళూ నా మీదే. ఉద్యోగం చేసే తల్లి. పేపర్లో రాసే తల్లి. పిల్లలకి తినడం కూడా నేర్పలేదు. బయటివాళ్ళు మా మీద అంటించిన బొమ్మనే మావాళ్ళు కూడా ఎంత గట్టిగా పట్టుకున్నారో ఆ పూట తెలుస్తుంది.

నాలుగేళ్ళు మేం ఎక్కడికీ పోలేదు. ఊరు పోవడమంటే హోటల్. హోటల్ అంటే తిండి. పోయిన చలికాలం మా ఆయన ఇక ఊరుకోలేదు. పిల్లలు కొండలు చూడొద్దా అన్నాడు. అరకు పోదామన్నాడు. చిన్న కరెంటు కుక్కరు, ఇంట్లో వండే సన్నబియ్యమే మూడు కిలోలు, రస్కుల పాకెట్లు సంచిలో పెట్టుకుని విశాఖపట్నం దాకా వచ్చి, పొద్దున్నే కిరండూల్ రైలెక్కాం.

రైల్లో టిఫిన్ డబ్బా తెరవడం మాకు చిన్న విషయం కాదు. నా తలమీద ముసుగుంది. మా ఆయనకి గడ్డం ఉంది. డబ్బా మూత తీసేటప్పుడు ఎదుటివాళ్ళ చూపు ముఖం మీంచి దిగి డబ్బాలోకి పోతుంది. నేను మూత తీశాను. తెల్లన్నం. తెల్లటి పెరుగు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన ముఖం విప్పారింది. 'అరే, మీరు పెరుగన్నం తింటారా! చాలా మంచి అలవాటమ్మా. మీలో కూడా ఇట్లాంటి వాళ్ళుంటే ఎంత బాగుండు!' అన్నాడు. ఆయన మంచివాడే. మాకు అరటిపళ్ళు కూడా ఇచ్చాడు. కానీ ఆ మెప్పు నా గొంతులో ముల్లులా దిగింది. నా కొడుకు తన నాలుకతో, తన నరాలతో పోరాడి దక్కించుకున్న నాలుగు ముద్దలు ఆయనకి మంచి ముస్లిం సర్టిఫికెట్‌లా కనిపించాయి. అదే డబ్బాలో కీమా ఉంటే? అదే పిల్లాడు, అదే తల్లి, అదే గడ్డం. అప్పుడు ఆ ముఖం అట్లాగే విప్పారేదా? పెరుగన్నానికి వచ్చే మార్కులు మాకొద్దు. కీమాకి పోయే మార్కులూ మేం ఒప్పుకోం.

శృంగవరపుకోట దాటాక సొరంగాలు మొదలయ్యాయి. ఆ దారిలో యాభైకి పైగా ఉన్నాయంటారు. చీకటి పడగానే పెట్టెలో వాళ్ళంతా కేకలేస్తారు. అది అక్కడి సరదా. చిన్నది కిలకిలా నవ్వింది. పెద్దోడు రెండు చెవులూ మూసుకుని నా ఒళ్ళో తల దాచుకున్నాడు. ఒక్క సరదాకే ఇద్దరు పిల్లలు ఇట్లా రెండు దిక్కులు.

దిగిన రిసార్టులో రాత్రి భోజనం బఫే. పెద్ద హాలు. ట్యూబులైట్లు. చెవులు దద్దరిల్లే పాటలు. గిన్నెల మూతలు టంగుటంగుమని పడుతున్నాయి. ఫ్రైడ్ రైసు ఉంది, పులావ్ ఉంది, ఉత్త అన్నం అయిపోయిందన్నారు. రూములో వండింది తెచ్చి ఒక మూల కూర్చుని పెడతానంటే, బయటి తిండి హాల్లోకి తేకూడదన్నారు. రూల్. ఇంతలో పెద్దోడు తట్టుకోలేక టేబుల్ కిందికి దూరి, చేతులు ఆడిస్తూ ఒకే శబ్దం చెయ్యడం మొదలుపెట్టాడు. పక్క టేబుల్ దగ్గర ఒకాయన భార్యతో అంటున్నాడు, నాకు వినబడేలాగే: 'వీళ్ళంతేనే. కనడమే గానీ పెంచడం ఉండదు.' వీళ్ళు! వాడి ఆటిజం కూడా మా మతం ఖాతాలోనే పడిపోయింది. వేరే ఇంటి పిల్లాడు ఏడిస్తే ఆ పిల్లాడు ఏడ్చినట్టు. మా పిల్లాడు ఏడిస్తే ఖౌమ్ మొత్తం ఏడ్చినట్టు.

మర్నాడు ట్రైబల్ మ్యూజియం చూశాం. 1996లో కట్టారు. మట్టి గోడలు, పనిముట్లు, నగలు, థింసా ఆడుతున్న ఆడవాళ్ళ బొమ్మలు. బయటికొస్తే రోడ్డు పొడుగునా బొంగులో చికెన్ బోర్డులు. బొర్రా చుట్టుపక్కల ఆదివాసీల భూమిని ప్రైవేటు గనులకి ఇవ్వకూడదని సమత సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు దేశమంతా పేరుపడింది. ఆ ముక్క రాసిన బోర్డు మేం తిరిగిన దారిలో నాకొక్కటీ కనబడలేదు. టూరిస్టుకి ఆదివాసీ అంటే థింసా, బొంగులో చికెన్. సాయిబు అంటే బిర్యానీ. మమ్మల్నిద్దర్నీ తిని చెయ్యి కడుక్కుని పోవడం ఎంత సులువు!

బొర్రా దారిలో ఒక పాక దగ్గర ఆగాం. పచ్చి వెదురు బొంగుల్లో కోడిమాంసం కూరి, మూతికి ఆకు దోపి నిప్పుల మీద కాలుస్తున్నారు. నూనె చుక్క పడదు. వాసనకి మా ఆయన మనసు లాగింది. 'కోడిని ఎవరు కోశారమ్మా?' అనడిగాను. 'మా ఇంటాయనే' అంది ఆమె. 'అట్లయితే మాకు కుదరదమ్మా. మా పద్ధతిలో కోస్తేనే తింటాం' అన్నాను. ఇలా అన్నప్పుడు ఎదుటి ముఖం ముడుచుకోవడం నాకు అలవాటే. ఆమె ముఖం ముడుచుకోలేదు. 'ఎవరి పద్ధతి వారిదిలే అమ్మా. మాకూ ముట్టకూడనివి ఉంటాయి' అంది.

ఉంటాయి మరి. ఈ కొండల్లో ఇంటిపేర్లకి అర్థాలున్నాయి. కిల్లో అంటే పులి. వంతల అంటే పాము. కొర్రా అంటే సూర్యుడు. ఏ జంతువు తమ వంశానికి గుర్తో దానికి ఆ వంశంవాళ్ళు హాని చెయ్యకూడదు. ఏది తింటారో దాన్నిబట్టి మమ్మల్నిద్దర్నీ లోకం గుర్తుపడుతుంది. ఏది ముట్టమో దాన్నిబట్టి మేం ఒకర్నొకరం గుర్తుపట్టాం.

ఇక్కడ నా సెక్యులర్ మిత్రులు ఆగి అడుగుతారు: చదువుకున్నదానివి, పేపర్లో పనిచేసేదానివి, నీకింకా హలాల్ ఏంటి? నా కొడుకు తిననితనానికీ నా తిననితనానికీ తేడా ఉందని నాకు తెలుసు. నాది నేను ఒప్పుకుని పెట్టుకున్న గీత. కోడి కుదరకపోతే పప్పుతో తిని లేస్తాను. వాడికి ఆ వీలు లేదు. వాడి గీత వాడు గీసుకున్నది కాదు, వాడి ఒంట్లో గీసి ఉంది. అయితే ఇద్దరి దగ్గరా లోకం అడిగేది ఒకటే: ఎందుకు తినవు, కారణం చెప్పు, మాకు నచ్చేలా చెప్పు. నాకు మాటలున్నాయి కాబట్టి చెప్పుకుంటాను. మాటలు లేనివాళ్ళు?

ఆ పాక దగ్గర నా కొడుకు మాట్లాడాడు. పొయ్యి మీద అన్నం గిన్నె చూసి వేలు చూపించి 'సఫేద్ చావల్' అన్నాడు. ఆమెకి ఉర్దూ రాదు. వేలు చూసింది. 'ఉత్తన్నమే? కూర వద్దేటి?' అంది. ఒద్దన్నాను. ఇంకేం అడగలేదు. అడ్డాకులో వేడన్నం పెట్టి, చల్లారాక ఇమ్మని నా చేతికిచ్చింది. పెరుగు పాకెట్టు మా సంచిలోదే. చిన్నది మా రస్కులే కరకరా నములుతూ బల్ల మీద కూర్చుంది. బయటి తిండి అని ఎవరూ అనలేదు. పెద్దోడు ఆకులో తినడం అదే మొదటిసారి. ఆకు చుట్టూ వేలు తిప్పి చూసుకుని, పది ముద్దలు తిన్నాడు. అన్నానికి డబ్బులు తీసుకుంది, లెక్కగా. దయ చూపించినట్టు వదిలెయ్యలేదు. అదీ నాకు నచ్చింది.

ఆ రెండు మాటల వెనక కథ ఉంది. వాడికి నాలుగేళ్ళప్పుడు ఒక థెరపీ సెంటర్లో, ఇంట్లో ఉర్దూ మానెయ్యండి, ఒకే భాష మాట్లాడండి, బడిలో పనికొచ్చే భాష మాట్లాడండి అన్నారు. రెండు భాషలు ఆటిజం పిల్లల్ని గందరగోళ పెడతాయట. రెండు భాషల మధ్య పెరిగినంత మాత్రాన ఈ పిల్లలు మాటల్లో వెనకబడిపోరని తర్వాత వచ్చిన పరిశోధనలు చెబుతున్నాయి. మేం ఉర్దూ మానలేదు. వాడికి మొదట వచ్చిన మాటలు పానీ, దహీ, చావల్. బడికి పోయాక తెలుగు మాటలొచ్చాయి: బస్సు, బెల్లు, ఇంటికి. ఆకలేసినప్పుడు వాడి నోట ఉర్దూయే వస్తుంది. దాన్ని మానిపించి ఉంటే వాడు అన్నం ఏ భాషలో అడిగేవాడు?

1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరు లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టంలోకి వచ్చింది. 2016 చట్టంలో ఇరవై ఒక్క వైకల్యాల జాబితాలో చేరింది. కాగితం మీద చోటు దొరికింది. భోజనం బల్ల దగ్గర ఇంకా దొరకాలి. అందుకు కావాల్సినవి పెద్దవేం కావు. ఏదీ కలపని ఒక గిన్నెడు అన్నం. పాటలు వినబడని ఒక మూల. డాక్టరు కాగితం చూపించకుండానే, ఇంటి డబ్బా తెరుచుకునే వీలు. పెద్దపెద్ద హోటళ్ళు నడిపేవాళ్ళకి ఇవి చెయ్యడం కష్టమా?

మావాళ్ళకీ ఒక మాట. ఈ రంజాన్ పండక్కి మా ఇంటికి రండి. బిర్యానీ ఉంటుంది, ఖీర్ ఉంటుంది, నేనే వడ్డిస్తాను. అదే దస్తర్‌ఖాన్ మీద నా కొడుకు ముందు తెల్లన్నం, నా బిడ్డ ముందు రస్కులు ఉంటాయి. వాళ్ళ గిన్నెల్లో ఎవరూ ఏమీ వెయ్యకండి. వాళ్ళు నమాజులో నా పక్కన నిలబడే పిల్లలే. ఆ రోజు వాళ్ళ జేబుల్లో ఈదీ పెడితే చాలు.