పికప్ లేదు

మా ఇంట్లో ఎవరూ యాక్సిలరేషన్ అనరు, పికప్ అంటారు. "ఈ మధ్య కారుకి పికప్ లేదురా" అని నాన్న ఫోన్లో రెండు మూడు సార్లు అన్నాడు. ఆ మాట వెనకాల ఎంత కథ ఉందో దసరా సెలవులకి ఇంటికెళ్లాక అమ్మ చెప్తే తెలిసింది.

మాది మార్కాపురం. కారు 2013 మోడల్ డీజిల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. నెలకోసారి నాయనమ్మని ఒంగోలు హాస్పిటల్‌కి తీసుకెళ్లేది అందులోనే. ఆగస్టులో ఒకసారి లారీని ఓవర్‌టేక్ చేయబోతే, కాలు మొత్తం తొక్కినా కారు ముందుకు లాగలేదట. ఎదురుగా బస్సు. నాన్న బ్రేక్ కొట్టి మళ్లీ లారీ వెనక్కి చేరాడు. అప్పట్నుంచి ఎంత నిదానంగా పోయే లారీ అయినా సరే, నాన్న దాని వెనకే. "వయసు మీద పడ్డాక భయం ఎక్కువైంది నీకు" అని నాయనమ్మ ఎగతాళి చేస్తే ఏమీ అనలేదట. లోపం కారులో ఉందా, తనలో ఉందా అని ఆయనకే అనుమానం వచ్చి ఉంటుంది.

షెడ్డులో స్కానర్ పెడితే పి0299 అని కోడ్ వచ్చింది. "టర్బో పోయింది, మార్చాలంటే 50,000 దాకా అవుతుంది" అన్నారు. అదే నెలలో నా కాలేజీ ఫీజు. కారు అమ్మేద్దామని నాన్న నిర్ణయానికి వచ్చేశాడు, ఒక బేరం కూడా వచ్చింది.

ఆ కోడ్‌కి అర్థం ఏంటంటే, టర్బో తర్వాత ఉండాల్సినంత గాలి ఒత్తిడి లేదు అని. అంతే. టర్బో చెడిపోయిందని అది చెప్పదు. మన భాషలో అది ఎర్రర్ మెసేజ్, బగ్ వేరే ఎక్కడో ఉండొచ్చు. ఎక్సెప్షన్ పడిన లైన్ తీసేస్తే ప్రోగ్రామ్ బాగుపడుతుందా?

టర్బో అనేది ఇంజిన్ వదిలే పొగ వేగంతో తిరుగుతూ, బయటి గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపే చిన్న ఫ్యాన్ లాంటిది. ఆ గాలి దార్లో ఇంటర్‌కూలర్‌లో చల్లబడుతుంది. దానికి అటూ ఇటూ లావాటి రబ్బరు పైపులుంటాయి. గాలి తగ్గిందని తెలిస్తే కారులోని కంప్యూటర్ డీజిల్ కూడా తగ్గిస్తుంది. ఇంక పికప్ ఎక్కడిది?

ముందు డబ్బులు కాని పనులు చేశాం. ఎయిర్ ఫిల్టర్ తీసి చూశాం, శుభ్రంగానే ఉంది. డీజిల్ ఫిల్టర్ నాన్న అప్పటికే మార్పించాడు. క్లచ్ జారుతుంటే ఆర్‌పీఎం పెరుగుతుంది, స్పీడు పెరగదు. మాకు రెండూ పెరగట్లేదు. బ్రేకులు పట్టేసి ఉంటే కాస్త దూరం తిరిగొచ్చాక ఆ చక్రం దగ్గర చెయ్యి పెట్టలేం. అదీ లేదు.

అప్పుడు నాన్ననే అడిగా, అసలు నీకేం అనిపిస్తుంది అని.

"మూడో గేర్లో ఎత్తెక్కేటప్పుడు బుస్సుమంటదిరా. ఆగి ఉన్నప్పుడు అనదు."

"షెడ్డులో చెప్పావా?"

"చెప్పా. నిలబెట్టి రేజ్ చేసి చూశారు. ఏ శబ్దం లేదే అన్నారు."

నాకు ఆ "ఆగి ఉన్నప్పుడు అనదు" దగ్గరే లైటు వెలిగింది. న్యూట్రల్లో ఎంత రేజ్ చేసినా ఇంజిన్ మీద బరువు పడదు, టర్బో పెద్దగా ఒత్తిడి పుట్టించదు. ఒత్తిడి లేకపోతే చిరుగు తెరుచుకోదు. అంటే నిలబెట్టి చూసినంత కాలం ఆ జబ్బు బయటపడదు.

హాస్టల్లో ఫ్రెండ్ దగ్గర బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ తెచ్చుకున్నా. ఇంజిన్ ఆపి చూస్తే 99 కిలోపాస్కల్స్, అది మామూలు బయటి గాలి పీడనం. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ మీద చూద్దామన్నా. శ్రీశైలం పేరు వినగానే నాయనమ్మ చీర మార్చుకుని వెనక సీట్లో కూర్చుంది. నాన్న డ్రైవింగ్, నేను పక్కన ఫోన్ చూస్తూ. (ఈ రెండు పనులూ ఒక్కరే చేయొద్దు, ప్లీజ్.) ఎత్తులో మూడో గేర్, కాలు పూర్తిగా కిందికి. ఆరోగ్యంగా ఉంటే 200 చుట్టుపక్కల ఉండాల్సిన అంకె 125 దాటలేదు. అద్దాలు దించాం. బుస్! బానెట్ కింద ఎడమ వైపు నుంచి, స్పష్టంగా. "పామా?" అంది నాయనమ్మ. ఆ తర్వాత చిన్న గేర్లలో పాక్కుంటూ కొండెక్కాం, ఆవిడకి దర్శనం మాత్రం అయింది.

మర్నాడు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆ పక్క చూశాం. ఇంటర్‌కూలర్ నుంచి ఇంజిన్‌కి పోయే పైపు వంపు కింద నల్లటి నూనె మరక. టర్బో గాలితో పాటు కాస్త నూనె తుంపర ఎప్పుడూ వస్తుంది, చిరుగు ఉంటే అక్కడే బయట మరకేస్తుంది. చేత్తో వంచితే వేలెడు పొడుగున నోరు తెరిచింది. వదిలేస్తే మూసుకుంది. పైనుంచి చూస్తే కొత్త పైపులాగే ఉంది.

పైపు, రెండు క్లాంపులు కలిపి 1,900 రూపాయలు. ఒంగోలు నుంచి తెప్పించి అదే షెడ్డులో వేయించాం. మెకానిక్ అన్న పైపు విప్పినప్పుడే టర్బో షాఫ్ట్‌ని కూడా వేలితో కదిపి చూసి, "ఇది గట్టిగానే ఉంది సార్" అని తనే చెప్పాడు. మోసం చేసే మనిషైతే ఆ మాట చెప్పడు కదా. ఆయన కారుని నిలబెట్టి చూశాడు, నాన్న రోజూ నడిపి చూశాడు, తేడా అక్కడే. కోడ్ చెరిపేసి మళ్లీ ఘాట్ మీద చూస్తే 205. కారు కొంటానన్న ఆయనకి నాన్న ఫోన్ చేసి వద్దని చెప్పేశాడు.

ఆ నెల ఒంగోలు వెళ్లేటప్పుడు నేనూ ఉన్నా. మొదటి లారీని దాటాక నాన్న ఏం మాట్లాడలేదు. రెండోది దాటాక పాటలు పెట్టమన్నాడు.

పాత పైపు పారేయలేదు, డిక్కీలో పెట్టుకున్నాడు. ఎవరైనా కారు లాగట్లేదంటే చాలు, దాన్ని బయటకి తీసి, వంచి, ఆ నోరు చూపిస్తున్నాడు.