పెట్టెలోనుండి గౌతమి మీదికి

కాకినాడ నుండి యానాం పోయే దారిలో తాళ్లరేవు, కోరంగి దగ్గర ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి మడ అడవులు, రొయ్యల చెరువులు. 1839 తుపాను ముంచివేయకముందు కోరంగి ఓడలు వచ్చే పెద్ద రేవు. పడవపని తెలిసిన చేతులు ఈ పక్కన ఇంకా ఉన్నాయి గనుకనే మా లంక ఇంజనును ఇక్కడికి తెచ్చాము.

అది పడవ వెనుక పలకకు బిగించే 8 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఇంజను. ముప్పై ఏండ్ల క్రితం ఒకరు కొని, ఒక్క రోజైనా నడపకుండా కొట్టుగదిలో ఉంచేశారు. వారి పిల్లలు దానిని ఊరికి ఇచ్చారు. మా లంకకు వంతెన లేదు. కాన్పుకు పోయే ఆడవారైనా, బడికి పోయే పిల్లలైనా పడవ ఎక్కవలసిందే. 2018 జూలైలో పశువుల్లంక దగ్గర బడిపిల్లలున్న పడవ, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి తిరగబడిన నాటినుండి మా తల్లులు పడవను చూసే చూపే మారిపోయింది.

"కొత్తదే గదండీ, రేపే బిగించేద్దాం" అన్నారు మా కుర్రాళ్లు.

"కొత్తదనుకోకండి బాబూ, ఎన్నడూ పని చేయని ముసలిదనుకోండి" అన్నారు మేస్త్రీగారు.

ఇనుము చెడలేదు గాని రబ్బరుకు వయసు వచ్చింది. ఇంజనుకు చల్లనీరు తోడే పంపులోని రబ్బరు రెక్కలు ఇన్నేళ్లూ ఒకే వైపు వంగి అలాగే బిగుసుకుపోయాయి. అవి మార్చకుండా నడిపితే ఇంజను వేడెక్కి పట్టేస్తుంది. పెట్రోలు గొట్టాలు చేత్తో వంచగానే పగుళ్లు చూపాయి. పైగా ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాలు ఉంటుంది. అది ఆనాటి రబ్బరుకు పడదు, తేమను కూడ పీల్చుకుంటుంది. గొట్టాలన్నీ మార్చి, ఏ పూటకు ఆ పూటే పెట్రోలు కలుపుకోమన్నారు. గేరు ఆయిలును కింది రంధ్రంలోనుండి ఎక్కించి, పై రంధ్రంలోనుండి కారేవరకు నింపారు. ప్లగ్గు విప్పి, సిలిండరులో కాస్త ఆయిలు పోసి, తాడును మెల్లగా లాగి తిప్పారు. అప్పటికి ఇంకా స్టార్టు చేయలేదు!

ఇంజను కాలు పొట్టిది, 15 అంగుళాల పలకకు చేసినది. మా పడవ పలక 20 అంగుళాలు. అలాగే బిగిస్తే పంకా సరిగా మునగదు. వడ్రంగి పలకను 5 అంగుళాలు కోసి, అక్కడ అల లోపలికి రాకుండా లోపలివైపు తొట్టిలా చెక్క కట్టాడు. ఆ పనికి ఒక రోజంతా పట్టింది. ఇంజను జారినా నీటిపాలు కాకుండా దానిని పడవకు తాడుతో కట్టాడు.

మొదట నీళ్ల డ్రమ్ములో దింపి స్టార్టు చేశారు. ఏడోసారి లాగితే అందుకుంది. పొగ చూసి పిల్లలు కేకలు వేశారు గాని మేస్త్రీగారి కళ్లు పక్కన నీరు చిమ్మే చిన్న రంధ్రం మీదనే ఉన్నాయి. ధార వచ్చింది. ధార ఆగితే వెంటనే ఇంజను ఆపాలి. నీరు లేకుండా ఒక్క నిమిషం కూడ తిప్పకూడదు.

మొదటి పది గంటలు ఇంజనుకు పథ్యం. లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల ఆయిలు, అదీ నీటి ఇంజన్లకు చేసినదే గాని స్కూటరుది కాదు. మొదటి గంట నెమ్మదిగా, రెండవ గంట సగం జోరు. తరువాత ఎనిమిది గంటలు వేగం మార్చుతూ పోవాలి, పూర్తి జోరులో ఐదు నిమిషాలకు మించకూడదు. లోపలి రింగులు సిలిండరు గోడకు ఒరుసుకొని కుదురుకునేది ఈ గంటల్లోనే. ఈ పది గంటలూ పడవలో నడిపేవాడు, తోడుగా ఒకడు, తెడ్లు, అంతే. పెండ్లికి దాటించమని ఒక ఇంటివారు బహుగా బతిమాలారు. మేము ఒప్పుకోలేదు, వారికి కోపం వచ్చింది. ఆటు వేళ ఇంజను ఆగితే ఇక్కడి నీరు పడవను సముద్రం వైపే లాగుతుంది మరి.

ఐదు ఉదయాలలో పది గంటలూ పూర్తయ్యాయి. గేరు ఆయిలు తీసి చూస్తే పాలలా తెల్లబడలేదు, అంటే నీరు చేరలేదు. సన్నని ఇనుప పొడి మాత్రం కనబడింది, అది మామూలేనన్నారు. క్రొత్త ఆయిలు పోసి, పెట్రోలులో కలిపేది లీటరుకు 20 మిల్లీలీటర్లకు తగ్గించాము. ఇప్పుడు ఆరుగురిని ఎక్కించి దాటిస్తున్నాము. పంకా పిన్ను ఒకటి, ప్లగ్గు ఒకటి అదనంగా పడవలోనే ఉంటాయి. ఉప్పునీరు పోటెక్కే చోటు గనుక సాయంత్రం ఇంజనును మంచినీళ్ల డ్రమ్ములో ఐదు నిమిషాలు తిప్పి కడుగుతున్నాము.